పాత మైఫోర్డ్ లేత్ కొన్నాక ముందు ఏం సరిచేయాలి, తర్వాత ఏం కొనాలి

చదివేవాళ్లకు తెలియడం కోసం మీ సమస్య ముందుగా నా మాటల్లో చెప్తాను. గుంటూరులో మీరు, మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి మైఫోర్డ్ ఎంఎల్7 లేత్ (రాడ్‌ను తిప్పుతూ టూల్‌తో చెక్కే మిషన్) కొన్నారు. ఇంటి వెనక షెడ్డులో చెక్క బల్ల మీద బిగించారు. చిన్న ఆవిరి ఇంజన్ మోడళ్లు చేయాలని మీ ఆశ. 25 మి.మీ. రాడ్‌ను టర్నింగ్ చేస్తే 100 మి.మీ. పొడవులో 0.12 మి.మీ. టేపర్ వస్తోంది, బయటి కొస లావుగా ఉంటోంది. పార్టింగ్ (రాడ్‌ను అడ్డంగా తెగ్గోయడం) పెడితే మిషన్ అంతా అదురుతోంది. త్రీ జా చక్‌లో, అంటే మూడు దవడల పట్టులో, జాబ్ (చెక్కే ముక్క) ఊగుతోంది. క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ (టూల్‌ను త్వరగా మార్చే పట్టు), డీఆర్ఓ (కొలత అంకెల్లో చూపేది), వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చేది), కొత్త చక్, కొల్లెట్ సెట్ (సన్న రాడ్లను నిక్కచ్చిగా పట్టే గొట్టాలు), వర్టికల్ స్లయిడ్ (జాబ్‌ను పైకీ కిందకీ జరిపేది) రాసి, వీటిలో ఏది ముందు కొనాలని అడిగారు.

తమ్ముడు గారూ, ఈ నెల వీటిలో ఏదీ కొనకండి. మాగ్నెటిక్ స్టాండుతో ఒక డయల్ గేజ్, 0-25 మైక్రోమీటర్, ఈ రెండూ లేకపోతే అవి మాత్రం కొనండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఏ ఒక్కటీ కొత్త సామాను బిగిస్తే పోయేది కాదు. లేత్‌కు ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, ఒకసారి అది నిక్కచ్చిగా తిరిగితే తనకు కావలసిన సామానులో సగం తానే చేసుకుంటుంది. అది వంకరగా ఉన్నప్పుడు ఎంత ఖరీదైన చక్ పెట్టినా ఆ వంకరే జాబ్ మీదకు వస్తుంది.

నేను టర్నర్ ట్రేడులో ఐటీఐ చేసి, హైదరాబాద్ బాలానగర్ చిన్న యూనిట్లలో ముప్పై ఏళ్లు పెద్ద లేత్‌ల మీద పనిచేశాను. ఇప్పుడు ఇంట్లో నాకూ ఒక ఎంఎల్7 ఉంది. అందుకే కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

మీ చేతికొచ్చింది మంచి మిషన్. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో 1946 నుంచి తయారైన లేత్ ఇది. బెడ్ (కింది పొడవాటి పట్టాల దిమ్మ) వెనక వైపు చూస్తే కె అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, రాసి పెట్టుకోండి. సెంటర్ ఎత్తు మూడున్నర అంగుళాలు, రెండు సెంటర్ల మధ్య 20 అంగుళాలు. స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) ముక్కు మీద అంగుళం-ఒక నూలు (1.125 అంగుళాల) వ్యాసంతో, అంగుళానికి 12 మరల త్రెడ్ ఉంటుంది. లోపల నంబర్ 2 మోర్స్ టేపర్ (సన్నబడుతూ పోయే రంధ్రం). లీడ్ స్క్రూ (టూల్‌ను పొడవునా నడిపే మర కడ్డీ) అంగుళానికి 8 మరలు. ఈ లెక్కలన్నీ ముందుముందు పనికొస్తాయి.

ముందుగా నూనె సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే గట్టిగా చెప్తున్నాను. ఈ లేత్ మీద అక్కడక్కడ కనిపించే నిపుల్స్ స్కూటర్ గ్రీజు నిపుల్స్‌లాగే ఉంటాయి. కానీ అవి గ్రీజుకు కాదు, నూనెకు. మన దగ్గర నూటికి తొంభై మంది మెకానిక్కులు వాటిని చూడగానే గ్రీజు గన్ తీస్తారు. నా మిషన్ నాకు అమ్మినాయన కూడా అదే చేశాడు. సన్నటి దారులన్నీ పాత గ్రీజుతో గట్టిపడి, లోపలికి నూనె చుక్క కూడా దిగలేదు. సాడిల్ (బెడ్ మీద టూల్‌ను మోసుకెళ్లే బండి), దాని ముందుండే ఏప్రాన్ విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, సైకిల్ బ్రేక్ వైరు పోగుతో ఒక్కో రంధ్రం పొడిచి శుభ్రం చేయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మీ మిషన్‌కూ ముందు అదే చేయండి. ఒక నిపుల్ దగ్గర నూనె గన్ పెట్టి నొక్కితే అవతల స్లయిడ్ కింద నుంచి నూనె బయటికి రావాలి. రాకపోతే విప్పాల్సిందే. హెడ్‌స్టాక్‌కు (స్పిండిల్ ఉండే ఎడమ భాగానికి) ఐఎస్ఓ వీజీ 32 (నూనె చిక్కదనం నంబరు) హైడ్రాలిక్ ఆయిల్, బెడ్‌కు, స్లయిడ్లకు వీజీ 68 స్లయిడ్‌వే ఆయిల్ వాడండి. లూబ్రికెంట్లు అమ్మే ఏ షాపులో అడిగినా దొరుకుతాయి. ఇంజన్ ఆయిల్ పోయకండి. హెడ్‌స్టాక్ మీద గాజు కప్పుల్లో నూనె చుక్కచుక్కగా పడుతోందో లేదో పని మొదలుపెట్టే ప్రతిసారీ చూసుకోండి. పని అయ్యాక కప్పులు మూసేయండి, లేకపోతే రాత్రికి రాత్రి అంతా కారిపోతుంది.

ఎంఎల్7 స్పిండిల్ తిరిగేది బాల్ బేరింగుల మీద కాదు, వైట్ మెటల్ బేరింగుల మీద. రెండు ముక్కలుగా ఉంటాయి, మధ్యలో పొరలు పొరలుగా ఒలిచే షిమ్‌లు ఉంటాయి. ఇక్కడ లూజు ఉంటే పార్టింగ్‌లో అదురు ఖాయం. చూసే పద్ధతి ఇది. చక్‌లో అడుగు పొడవు లావుపాటి రాడ్ బిగించండి. డయల్ గేజ్ మొనను ఆ రాడ్ మీద కాదు, చక్ వెనక స్పిండిల్ మెడ మీద పైనుంచి ఆనించండి. ఇప్పుడు రాడ్ కొసను చేత్తో పైకి లేపి వదలండి. ముల్లు 0.02, 0.03 మి.మీ. కదిలితే పరవాలేదు, నూనెకు ఆ మాత్రం చోటు కావాలి. 0.05 దాటితే చక్ వైపు బేరింగ్ టోపీ విప్పి, రెండు వైపులా షిమ్ నుంచి ఒక్కో పొర సమానంగా ఒలిచి, మళ్లీ బిగించండి. తర్వాత చేత్తో స్పిండిల్ తిప్పితే మెత్తగా తిరగాలి. పైవేగంలో పది నిమిషాలు నడిపి చూడండి. బేరింగ్ గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఎక్కువ బిగుసుకుంది, వెంటనే ఆపేయండి. తీసిన పొరలు పారేయకండి, మళ్లీ కావలసి రావచ్చు.

ఇప్పుడు మీ టేపర్. చెక్క బల్ల మీద బిగించానన్నారు కదా, అసలు కారణం అక్కడే ఉందని నా నమ్మకం. పోత ఇనుము బెడ్ చూడటానికి బండలా కనిపిస్తుంది గానీ, నాలుగు కాళ్ల బోల్టులు సమానం కాని చోట బిగిస్తే తడి తువ్వాలు పిండినట్టు మెలి తిరుగుతుంది. మెలిక కంటికి కనపడదు, మైక్రోమీటర్‌కు కనపడుతుంది. పైగా చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. జూలైలో సరిచేసింది ఏప్రిల్‌లో ఉండదు. వెల్డింగ్ షాపులో 75 మి.మీ. సి-ఛానల్‌తో ఒక స్టాండు చేయించండి. లేత్ ప్రతి కాలి కింద ఒక జాకింగ్ బోల్టు ఉండేలా చూసుకోండి, అంటే నట్టు తిప్పితే ఆ కాలు వెంట్రుకవాసి లేచేలా, దించేలా. మైఫోర్డ్ కంపెనీ కూడా ఇందుకోసమే రైజింగ్ బ్లాకులు అమ్మేది. అవి దొరక్కపోయినా ఫైన్ త్రెడ్ బోల్టు, రెండు నట్లు, లావు వాషర్లతో అదే పని జరుగుతుంది.

తర్వాత రెండు కాలర్ల (రాడ్ మీద లావుగా వదిలే రెండు పట్టీల) పరీక్ష. 25 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్‌ను చక్‌లో పట్టి, 120 మి.మీ. బయటికి ఉంచండి. టెయిల్‌స్టాక్ (కుడి చివర రాడ్ కొసకు ఆనేది) వాడొద్దు. అది వాడితే దాని తప్పు కూడా కలిసిపోయి ఏది ఎవరిదో తెలియదు. చక్ దగ్గర 10 మి.మీ. వెడల్పు, కొస దగ్గర 10 మి.మీ. వెడల్పు వదిలి, మధ్య భాగాన్ని రెండు మి.మీ. తగ్గించండి. ఇప్పుడు బాగా నూరిన టూల్‌తో, క్రాస్ స్లయిడ్ (టూల్‌ను జాబ్ వైపు అడ్డంగా జరిపేది) కదపకుండా, ఆటో ఫీడ్‌లో రెండు కాలర్ల మీద 0.05 మి.మీ. లోతు కట్ ఒకే దెబ్బలో తీయండి. రెండిటినీ మైక్రోమీటర్‌తో కొలవండి. మీ మిషన్‌లోలా కొస కాలర్ లావుగా వస్తే, టెయిల్‌స్టాక్ వైపు టూల్ జాబ్ నుంచి మీవైపు జరుగుతోందని అర్థం. టెయిల్‌స్టాక్ చివర ముందు కాలును కాస్త లేపండి. ముందు వైపు లేస్తే సాడిల్ మొత్తం వెనక్కి వాలుతుంది, దాని మీదున్న టూల్ మొన జాబ్ వైపు వెళ్తుంది, కొస సన్నబడుతుంది. పావు చుట్టు తిప్పడం, మళ్లీ కట్ తీయడం, మళ్లీ కొలవడం. తేడా 0.01 లోపు వచ్చేదాకా ఇదే పని. ఒక పూట పడుతుంది. మరుసటి రోజు పొద్దున ఇంకోసారి చూడండి, బోల్టులు ఒక రాత్రి సర్దుకుంటాయి. ఖరీదైన మాస్టర్ లెవెల్ లేదని దిగులు పడకండి. లెవెల్ చెప్పేది బెడ్ సంగతి, కాలర్లు చెప్పేది జాబ్ సంగతి. మనకు కావలసింది జాబ్.

సాడిల్ జిబ్ పట్టీలు (లూజు తీసే పట్టీలు) బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఏ పాత లేత్‌లోనైనా చక్ దగ్గర బెడ్ ఎక్కువ అరిగి ఉంటుంది. అక్కడ లూజు లేకుండా బిగిస్తే టెయిల్‌స్టాక్ వైపు పట్టేసి కదలదు. కదిలేలా రాజీపడి బిగించండి. అరుగుదల మరీ ఎక్కువైతే ఇంకో దారి ఉంది. మొదట్లో వచ్చిన ఎంఎల్7లలో సాడిల్‌ను నడిపించే గైడ్ ముందు పట్టా ఒక్కదాని మీదే ఉండేది. 1970ల తొలినాళ్లలో కంపెనీ వెనక పట్టా బయటి అంచును కూడా వాడే వెడల్పు గైడ్‌కు మారింది. ఆ వెనక అంచు పాత మిషన్లలో కొత్తదానిలాగే ఉంటుంది. సాడిల్‌కు వెనక ఒక స్టీల్ పట్టీ బిగించి చాలామంది ఆ మార్పు చేసుకున్నారు. ఇప్పుడే వద్దు, ఒక ఏడాది వాడాక ఆలోచించండి.

ఇక చక్. త్రీ జా చక్‌లో 0.08, 0.1 మి.మీ. ఊగడం లోపం కాదు, దాని స్వభావమే అంత. ఒకసారి పట్టిన జాబ్‌ను విప్పకుండా అన్ని వ్యాసాలూ తీసేస్తే అవన్నీ ఒకే కేంద్రం మీద ఉంటాయి. తిప్పి పట్టాల్సిన జాబ్‌కు నాలుగు దవడలూ విడివిడిగా కదిలే ఫోర్ జా ఇండిపెండెంట్ చక్ వాడండి. డయల్ గేజ్‌తో సెట్ చేయడం మొదట్లో అరగంట పడుతుంది, నెల తిరిగేసరికి రెండు నిమిషాల పని. మీ దగ్గర పాత ఫోర్ జా ఉందన్నారు, అదే మీ అసలు ఆస్తి. ఊగుడు 0.1 కంటే ఎక్కువగా ఉంటే ముందు స్పిండిల్ త్రెడ్‌లో, చక్ వెనక ముఖం మీద చిప్ ముక్క ఇరుక్కుందేమో చూడండి. దవడలు విప్పి స్క్రోల్ (వాటిని కదిపే చుట్టల పళ్లెం) కడగండి. దవడల మీద 1, 2, 3 అంకెలు ఉంటాయి, ఆ వరసలోనే తిరిగి పెట్టాలి. వరస తప్పి పెట్టిన చక్‌లు నేను ఎన్నో చూశాను.

అయినా బాగుపడకపోతే, అప్పుడు 100 మి.మీ. కొత్త త్రీ జా కొనండి. పెద్ద చక్ మీద మోజు పడకండి, ఈ స్పిండిల్‌కు ఆ బరువు భారం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ చక్ సులువుగా దొరుకుతుంది. చక్‌ను స్పిండిల్‌కు కలిపే బ్యాక్ ప్లేట్ ఈ త్రెడ్‌కు సరిపోయేది మాత్రం దొరకదు. దాన్ని మీరే చేసుకోవాలి, చేసుకుంటే అంతకంటే మంచిది ఉండదు. పోత ఇనుము దిమ్మను ఫోర్ జాలో పట్టి, వెనక ముఖం ఫేసింగ్ చేసి (చదునుగా చెక్కి), బోర్ చేసి, అంగుళానికి 12 మరల విట్‌వర్త్ త్రెడ్ కోయండి. నోటి దగ్గర త్రెడ్ లేకుండా స్పిండిల్ మెడ కూర్చునే గుంట 1.250 అంగుళాలు ఉండాలి. మీ మెడను మైక్రోమీటర్‌తో కొలిచి దానికే సరిపెట్టండి. చక్‌ను కేంద్రంలో నిలిపేది త్రెడ్ కాదు, ఆ గుంట, వెనక ముఖం. త్రెడ్ పని లాగి పట్టడమే, అందుకే అది కాస్త వదులుగా ఉన్నా మంచిదే. ఇప్పుడు దిమ్మను తీసి, తిప్పి, మీ స్పిండిల్ మీదే ఎక్కించండి. ముందు ముఖం ఫేసింగ్ చేయండి. చక్ వెనక గుంటలోకి ఇమిడే మెట్టును వేలితో నొక్కితే దిగేంత బిగువుగా టర్నింగ్ చేయండి. ఆ స్పిండిల్ మీదే తయారైంది కాబట్టి ఆ స్పిండిల్‌కు అది పూర్తిగా నిజం. మెట్టును 0.1 మి.మీ. సన్నగా వదిలేసి, తర్వాత చక్‌ను చెక్క సుత్తితో తట్టి డయల్ చూసుకుంటూ బోల్టులు బిగించేవాళ్లూ ఉన్నారు. మొదటి ప్లేట్‌కు బిగువు పద్ధతే మంచిదని నా అభిప్రాయం.

మీరు వీఎఫ్‌డీ గురించి అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పాలి. మర చక్ (మర తిప్పి ఎక్కించే చక్) ఉన్న లేత్‌ను కట్ పెడుతూ రివర్స్‌లో నడపకూడదు, చక్ ఊడి ఒళ్లో పడుతుంది. వీఎఫ్‌డీ బ్రేక్‌తో ఠక్కున ఆపినా అదే ప్రమాదం. పెడితే ఆగే సమయం నిదానంగా సెట్ చేయండి, బ్రేక్ తీసేయండి. ఇంకో సంగతి, ఇప్పుడున్న సింగిల్ ఫేజ్ మోటార్ వీఎఫ్‌డీతో నడవదు. అర హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్ కావాలి, అదీ డెల్టాలో 230 వోల్టులకు కలపగలిగేలా ఆరు వైర్లు బయటికి వచ్చినది. మామూలుగా షాపులో ఇచ్చేది 415 వోల్టుల స్టార్ మోటార్, ముందే అడిగి తీసుకోండి. పాత మోటార్ 1425 ఆర్‌పీఎం, మన కరెంటు కూడా 50 హెర్ట్జే. అది బాగుంటే దానితోనే నడపండి. ఎర్తింగ్ మాత్రం సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి. కరెంటు పోయి వస్తే తనంతట తాను మొదలవని స్టార్టర్ ఉండాలి. ఇందులో డబ్బు దాచుకోవద్దు.

టూల్ పోస్ట్ కొనే ముందు టాప్ స్లయిడ్ (టూల్ పోస్ట్ కూర్చునే చిన్న స్లయిడ్) పైనుంచి సెంటర్ దాకా ఎత్తు కొలవండి. షాపుల్లో ఉండే క్విక్ చేంజ్ సెట్లలో ఎక్కువ భాగం పెద్ద లేత్‌లకు చేసినవి, ఎంత దించినా టూల్ మొన సెంటర్ పైనే ఉంటుంది. నేనైతే ఏడాది పాటు ఉన్న టూల్ పోస్ట్‌తోనే, కింద స్టీల్ రేకు ముక్కలు పెట్టి పనిచేశాను. మొన ఎత్తు చూసేందుకు సులువైన ఉపాయం ఉంది. గుండ్రటి జాబ్‌కు, టూల్ మొనకు మధ్య ఆరంగుళాల స్కేలు నిలువుగా ఉంచి మెల్లగా ఆనించండి. స్కేలు నిటారుగా నిలిస్తే మొన సరిగ్గా సెంటర్‌లో ఉన్నట్టు. పైకొస మీవైపు వాలితే టూల్ కిందకు ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది.

టూల్స్ విషయంలో కార్బైడ్ ఇన్సర్ట్‌ల వైపు పోకండి. ఎంఎల్7 వేగాలు 35 నుంచి 640 ఆర్‌పీఎం వరకే. 25 మి.మీ. రాడ్ 640లో తిరిగినా నిమిషానికి 50 మీటర్లే, కార్బైడ్‌కు అది చాలదు. హెచ్‌ఎస్‌ఎస్‌కు (హై స్పీడ్ స్టీల్ టూల్‌కు) మైల్డ్ స్టీల్ మీద 25, 30 మీటర్లు చాలు, అంటే ఆ రాడ్‌కు 350 దగ్గర. మిరాండా కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ బిట్లు నాలుగు తెచ్చుకుని బెంచ్ గ్రైండర్ మీద నూరడం నేర్చుకోండి.

పార్టింగ్ అదురుకు బేరింగ్, జిబ్‌లు సరిచేశాక కూడా మందు కావాలంటే, క్రాస్ స్లయిడ్ వెనక వైపు ఒక టూల్ పోస్ట్ పెట్టుకోండి. ఎంఎల్7 క్రాస్ స్లయిడ్‌కు టీ స్లాట్లు ఉండటం పెద్ద వరం. పోత ఇనుము దిమ్మతో మీరే చేసుకోవచ్చు. అందులో పార్టింగ్ బ్లేడును తలకిందులుగా పట్టాలి, స్పిండిల్ మామూలు దిశలోనే తిరుగుతుంది. ముందు నుంచి కోస్తే బ్లేడు వంగినప్పుడు జాబ్ లోపలికి దిగి పట్టేస్తుంది. వెనక నుంచి తలకిందులుగా కోస్తే వంగినా జాబ్ నుంచి బయటికే జరుగుతుంది, చిప్స్ కిందికి రాలిపోతాయి. నా మిషన్‌కు ఇది పెట్టిన రోజు 30 మి.మీ. స్టీల్ రాడ్ చప్పుడు లేకుండా తెగింది. ఆ తెగిన బిళ్ల ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. మీకు కావలసిన సామానులో మొదటిది ఇదే.

రెండోది ఒక చేతి పిడి. స్పిండిల్ ఎడమ చివర లోపల బిగుసుకునేలా వ్యాకోచించే కడ్డీకి పిడి పెట్టి చేత్తో తిప్పడం. మర చక్‌తో మోటార్ రివర్స్ వాడలేం కాబట్టి, చిన్న త్రెడ్లు, ముఖ్యంగా మెట్రిక్ త్రెడ్లు, ఈ పిడితోనే హాయిగా కోయవచ్చు. ప్లగ్ తీసేసి మాత్రమే పిడి తొడగండి. మరిచిపోయి పిడి ఉండగా స్విచ్ వేస్తే చెయ్యి విరుగుతుంది.

మెట్రిక్ త్రెడ్లకు కొత్త గేర్ బాక్స్ అక్కర్లేదు. మీ దగ్గర మామూలు చేంజ్ గేర్ల సెట్ ఉంటే 21 పళ్ల గేర్ ఒక్కటి చేయించుకోండి. 20 డీపీ (పళ్ల సైజు), పధ్నాలుగున్నర డిగ్రీల ప్రెషర్ యాంగిల్ (పళ్ల వాలు) అని చెప్పాలి. ఇప్పుడు 1 మి.మీ. పిచ్‌కు 21/50, 30/40. 1.25కు 21/40, 45/60. 1.5కు 21/40, 45/50. 2 మి.మీ.కు 21/25, 45/60. ముందు అంకె తిప్పేది, వెనక అంకె తిరిగేది. నిజానికి అచ్చంగా రావాలంటే 127 పళ్ల గేర్ కావాలి. ఈ లెక్కలో వచ్చే తప్పు 100 మి.మీ. పొడవుకు 0.0125 మి.మీ. మాత్రమే, ఏ నట్టూ దాన్ని కనిపెట్టలేదు. 1.75 పిచ్‌కు మాత్రం 21 పళ్లవి రెండు కావాలి, 21/40, 21/20. మెట్రిక్ కోసేటప్పుడు త్రెడ్ డయల్‌ను నమ్మి హాఫ్ నట్ (సాడిల్‌ను లీడ్ స్క్రూకు పట్టించేది) విప్పకండి. టూల్ వెనక్కి లాగి, పిడితో స్పిండిల్‌ను వెనక్కి తిప్పి తెచ్చుకోండి.

కొల్లెట్లు మంచివే, మూడో వరసలో కొనండి. వర్టికల్ స్లయిడ్ నాలుగోది, ఆవిరి ఇంజన్ సిలిండర్ పోర్టులు కోయడానికి అది కావాలి. డీఆర్ఓ అసలు వద్దు. క్రాస్ స్లయిడ్ డయల్ మీద ఒక గీత వెయ్యో వంతు అంగుళం, అంటే 0.0254 మి.మీ., వ్యాసంలో దానికి రెట్టింపు తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క గోడ మీద రాసుకుంటే చాలు.

చేతులకు గ్లౌజులు, వదులు చొక్కా, మెడలో కండువా లేదా ఇయర్‌ఫోన్ వైరు ఉంటే మిషన్ దగ్గరికి వెళ్లకండి. చక్ కీని చక్‌లో వదిలి చెయ్యి తీయడం ఎప్పుడూ చేయకండి.

కాలర్ల పరీక్ష చేశాక రెండు కొలతలూ, స్పిండిల్ మెడ దగ్గర డయల్ ఎంత చూపిందో ఇక్కడ రాయండి. టెయిల్‌స్టాక్ సెట్టింగ్ ఆ అంకెలు చూశాక చెప్తాను.